ముప్పై ఆరు దాటాక

నంబరు ప్లేటులో నాలుగే అంకెలు.
అన్నీ తొమ్మిదులైనా
కలిపితే ముప్పై ఆరు.
అంతకు మించి ఏ కారూ మోయలేదు.

పదేళ్లప్పుడు మొదలెట్టిన ఆట ఇది,
పుట్టినరోజు నాడు నా వయసుకి సరిపడే బండిని వెతకడం.
పదకొండుకి పాల వ్యాను.
పంతొమ్మిదికి, కంచరపాలెం గేటు దగ్గర, పెళ్లికొడుకు అంబాసిడరు,
బంతిపూలు పక్కకి తోసి మరీ చదివాను.
ఇరవై ఎనిమిదికి పొద్దంతా ఏదీ దొరకలేదు.
రాత్రి పదకొండున్నరకి గాజువాక వైపు నుంచి
ఒక నీళ్ల ట్యాంకరు కారుకుంటూ వచ్చి గట్టెక్కించింది.
నిరుడు సిరిపురం జంక్షన్లో
తొమ్మిది తొమ్మిది తొమ్మిది తొమ్మిది.
నల్లద్దాల వెనక ఎవరున్నారో గాని
దండం పెట్టాను. సిగ్నలు పడింది, వెళ్లిపోయాడు.

ఈ శనివారం నాకు ముప్పై ఏడు.

డ్రైవింగ్ స్కూల్లో నాది ఎప్పుడూ ఎడమ సీటు.
"క్లచ్చి మెల్లగా వదలాలి, పొయ్యి మీంచి పాలగిన్నె దించినట్టు" అంటూ
పదకొండేళ్లుగా సగం ఊరికి బండి నేర్పాను,
పళ్ల డాక్టర్లకి, పూజారి గారబ్బాయికి,
మొగుడికి చెప్పకుండా వచ్చే ఒకావిడకి.
నా కాలు రెండో బ్రేకు మీదే.
నిద్రలోనూ తొక్కుతున్నానని
మా చెల్లి పారిజాతం మంచం దూరంగా జరుపుకుంది.

స్కూలు వదిలించుకున్న పాత మారుతిని నేనే కొన్నాను.
నడిపేవాళ్ల పెడళ్లకి కడ్డీతో ముడేసిన ఇంకో జత
ఎడమ పక్కన అలాగే ఉంది.
"పీకీమంటారేటి మేడమ్?" అన్నాడు ఆటోనగర్ సూరప్పడు.
ఉండనీ అన్నాను.

తెల్లవారి నాలుగున్నరకి
నా కానుక నేనే విప్పుకున్నాను: బానెట్.
పాత టూత్ బ్రష్షు, సీసాలో కాస్త పెట్రోలు.
కార్బురేటరు జెట్టు కడిగి కంటికి ఆనించుకుంటే
ఆవగింజంత బెజ్జంలో వీధి లైటు మొత్తం పట్టింది.
ఇంతకన్నా కొవ్వొత్తి ఎందుకు?

యారాడ కొండ మూడో మలుపులో రేడియేటరు అలిగింది.
చక్రానికి రాయి అడ్డం పెట్టి, గట్టు మీద కూచుని
రంగుల డబ్బా తీశాను.
కార్ల మొహాలు గీయడం నా ఇంకో పిచ్చి.
నా బండి మొహం ఎన్నిసార్లు గీసినా
బడికి లేపిన పిల్ల మొహంలాగే వస్తుంది.
ముంజలమ్మే గైరమ్మ గంప దించి, బొమ్మ చూసి, నన్ను చూసింది.
"ఒక్కర్తివే ఎల్తన్నావేటమ్మా? ఎవులూ రాలేదా?"
ఇవాళ పుట్టినరోజని చెప్పాను.
ఆరు ముంజలకి డబ్బు తీసుకుని
ఏడోది ఊరికే చేతిలో పెట్టింది.
ముంజనీళ్లు మోచేతి దాకా.
కింద సముద్రంలో ఓడలు
లోపలికి పిలుపు రాని లారీల్లా ఆగి ఉన్నాయి.

ఆదివారం భీమిలి రోడ్డు.
అలవాటుగా కళ్లు ఎదుటి ప్లేట్ల మీదకే పోయాయి.
పదిహేడు. ముప్పై ఒకటి. తొమ్మిది.
అవన్నీ ఒకప్పుడు నేనే.
ఇరవై రెండు రాంగ్ సైడులో దూసుకొచ్చింది,
తిట్టబోయి ఊరుకున్నాను.

ఎర్రమట్టి దిబ్బల దాకా వెళ్లి దిగేసరికి
నా ప్లేటు నిండా దుమ్ము, ఒక్క అంకె కనబడదు.
చున్నీ కొసతో తుడవబోయి
మానేశాను.

తిరుగు దారిలో చీకటి పడింది.
తెన్నేటి పార్కు దాటాక ఒక మేక,
రోడ్డు తనదే అన్నట్టు.
బ్రేకు తొక్కాను.
పక్కన, ఖాళీ సీటు ముందు,
రెండో పెడలూ దిగింది,
నాతో పాటే ఇంకెవరో
మేకని చూసినట్టు.

అది తీరిగ్గా దాటింది.
ఫస్టు గేరు.
మెల్లగా, పాలగిన్నె దించినట్టు.